కడగని గిన్నె

లిఫ్టులు బాగుచేసే కొట్టు పైన, రెండో అంతస్తు గది
నవంబరు 4

పిచ్చుకకి,

ఫోన్ చేస్తే తేలిపోయేదానికి ఉత్తరం దేనికని విసుక్కోకు. ఇక్కడ ఉన్నది ఒకటే గది. నేను ఫోన్ ఎత్తానంటే మీ అన్నయ్య పేపరు తిప్పడం ఆపేసి చెవి ఇటు పడేస్తాడు. ఈ మాటలు ఆయన చెవిన పడకూడదు.

వచ్చి మూడు నెలలైంది. ఒక హాస్టలు వంటింట్లో కుదిరాను. పొద్దున్నించీ ఉల్లిపాయలు తరగడమే పని. పళ్లేల దగ్గరికి మాత్రం రానివ్వరు. ఈవిడ చేతి తిండి తిని ఒక మనిషి ఆస్పత్రి పాలైందని కబురు నాకంటే ముందే ఈ ఊరు చేరింది. పంతొమ్మిదేళ్లు హోటల్లో చల్లని బల్ల నడిపినదాన్ని, పొయ్యి తగలని వంట ఏదైనా నా చేతి మీదుగానే హాల్లోకి వెళ్లేది. అలాంటి నన్ను ఇక్కడ పంతొమ్మిదేళ్ల పిల్ల ఒకతి, చేతులు కడుక్కున్నావా అని అడుగుతోంది.

మీ అన్నయ్య ఒక్క మాటా అనడు. అదే నన్ను చంపుతోంది. నిన్న కూడా భుజం తట్టి, "పోనీలే, ఎవరి చెయ్యి తప్పదు, మరిచిపో" అన్నాడు. అంటే తప్పు నాదేనని ఆయన ఎప్పుడో ఖాయం చేసుకున్నాడు, క్షమించేశాడు కూడా. నేను చెయ్యని తప్పుకి నాకు క్షమ దొరికింది.

గరిటె దొర బాగున్నాడా? నన్ను పంపించేసిన కాగితం ఇంకా నా పెట్టెలో ఉంది. కింద సంతకం చూశావా నువ్వు? కోడి గీకినట్టు వంకరటింకరగా గీకి పడేశాడు. పంతొమ్మిదేళ్లు పనిచేసిన మనిషిని పంపిస్తూ ఒక సంతకం తిన్నగా పెట్టడానికి కూడా చెయ్యి రాలేదు పెద్ద వంటవాడికి. దాన్ని రోజూ ఒకసారి తీసి చూస్తాను. కోపం చల్లారకుండా ఉండడానికి.

నాకు రెండు పనులు చేసి పెట్టు. ఆ మధ్యాహ్నం నువ్వు చూసింది చూసినట్టు మళ్లీ ఒకసారి రాయి. ఇంకొకటి, నా చెక్క గిన్నె పంపు. అడుగున కాలిన మచ్చ ఉంటుంది కదా, అది. నేను ఆ బల్ల దగ్గర చేరిన రోజు పాత వంటావిడ నా చేతిలో పెట్టి వెళ్లింది. అది దొర బల్ల మీద ఉండడానికి వీల్లేదు.

వదిన


హోటలు వెనక వీధి, ఆడవాళ్ల వసతి, కిటికీ పక్క మంచం
నవంబరు 15

వదినకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి ఏడ్చాను. నువ్వు ఉల్లిపాయలు తరగడమేమిటి వదినా. నాకు తొమ్మిదో ఏట జడ వేసిన చెయ్యి అది. ఇక్కడ నాకు ఈ ఉద్యోగం ఇప్పించిన చెయ్యి.

నేను చూసింది మళ్లీ అడిగావు. ముందే చెప్పాను కదా. నువ్వు పియర్ పళ్ల కోసం కింద కొట్టు గదికి వెళ్లావు. కళ్లద్దాల టీచరమ్మకి అక్రోట్ల లాంటి గింజలు పడవని చీటీలో రాసే ఉంది. నేను ఆవిడ సలాడ్ విడిగా, ఎర్ర దారం కట్టిన స్టీలు గిన్నెలో కలిపి హాల్లోకి పంపే కిటికీలో పెట్టాను. అప్పుడు అవతలి వైపు నుంచి దొర వచ్చాడు, చీటీ చూడకుండా తన అలవాటు ప్రకారం గుప్పెడు అక్రోట్లు చల్లి లోపలికి పంపేశాడు. నా కళ్లతో చూశాను. అప్పుడే అరవాల్సింది. భయం వేసి నోరు పెగల్లేదు. తరవాత ఆయన మీద నేను చెబితే ఎవరు నమ్ముతారని నువ్వే అన్నావు.

ఇక్కడి సంగతి వింటే నీ కడుపు మండుతుంది. అయినా దాచను. జనవరి నుంచి ఓనరు కొత్త భోజనం ఒకటి మొదలు పెడుతున్నాడు. అతిథుల కళ్ల ముందే, వాళ్ల బల్ల దగ్గరే, ఐదు నిమిషాల్లో సలాడ్ కలిపి పెట్టడం. కలిపేది దొర. ఆకులు, పియర్, ద్రాక్ష, మేక పాల చీజ్, వేయించిన అక్రోట్లు. నీదే, ముక్క కూడా మార్చలేదు. కార్డు మీద దొర పేరు అచ్చు వేయించారు.

గిన్నె కొట్టు గదిలో పెట్టి తాళం వేశారు. తాళం మేనేజరు దగ్గర ఉంది. వీలు చూసుకొని తెస్తాను.

చదివాక చించెయ్యి.

పిచ్చుక


లిఫ్టుల కొట్టు పైన
నవంబరు 24

పిచ్చుకకి,

పొయ్యి దగ్గర ముప్పయ్యేళ్లు చెమటోడ్చిన మనిషికి ఆకు సంగతి ఏం తెలుసు? మంట పెంచడం, తగ్గించడం, అరవడం, అంతవరకే ఆయన విద్య. నా సలాడ్‌కి మంట లేదు. తప్పు చేస్తే దాచుకోవడానికి మసాలా లేదు. అంతా కళ్ల ముందే ఉంటుంది. అందుకే దానితోనే ఆయన పరువు తీద్దామనుకుంటున్నాను.

నువ్వు నేర్చుకున్నదే అయినా మళ్లీ చెబుతాను, ఏది ఎక్కడ చెడుతుందో తెలియడానికి. ఆకుల్ని చల్లటి నీళ్లలో ముంచి తీస్తే సరిపోదు. గుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డ వేసి, పసిపిల్ల వీపు అద్దినట్టు అద్దాలి. తడి ఆకుకి నూనె పట్టదు, జారి అడుక్కి పోతుంది. పియర్ అందరికంటే చివర కొయ్యాలి, కోసిన వెంటనే నిమ్మరసం తగలాలి. చీజ్ ఫ్రిజ్ నుంచి తిన్నగా పళ్లెంలోకి రావాలి, పొయ్యి గాలి తగిలితే జిగురవుతుంది. అక్రోట్లు ఏ వారానికావారం తెచ్చినవే వాడాలి, పాతబడితే చేదు. నిమ్మరసం, తేనె, నూనె, మిరియాలు సీసాలో పోసి గిలక్కొట్టాలి. ఉప్పు మాత్రం ఆఖరి నిమిషంలో. ఉప్పు తగిలిన ఆకు నీరు వదిలేస్తుంది. ఇవన్నీ సరిగ్గా ఉంటే కలపడానికి ఐదు నిమిషాలు కూడా ఎక్కువే. ఒక్కటి తప్పితే పళ్లెంలో గడ్డి.

వీటిలో దొర చేసేది ఆఖరి ఐదు నిమిషాలే. అంతకుముందుదంతా నీ చేతిలో ఉంది. అర్థమైందా?

ఎవరికీ కడుపు నొప్పి కూడా రాకూడదు. టీచరమ్మ గతి ఇంకొకరికి పట్టకూడదు. నాకు ఆయన మొహం మాడితే చాలు, నలుగురిలో, తెల్ల టోపీ పెట్టుకొని ఉండగా.

కొట్టు గది తాళం ఇన్ని రోజులుగా మేనేజరు జేబులోనే ఉందా? చీజ్ ఎక్కడి నుంచి తెస్తున్నారు మరి? గిన్నె సంగతి చూడు.

వదిన


ఆడవాళ్ల వసతి
డిసెంబరు 6

వదినకి,

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకొని వారం తిరిగాను. నాకు భయంగా ఉంది. వదిలెయ్యకూడదా వదినా? ఆయన కూడా ముసలాడైపోయాడు. ఈ మధ్య కుడి చేత్తో పెద్ద గరిటె ఎత్తలేకపోతున్నాడు, ఎడమ చేత్తో తిప్పుతున్నాడు. మొన్న నన్ను పిలిచి, ఆకులు ఎంతసేపు ఆరబెట్టాలి అని అడిగాడు. పెద్ద వంటవాడు నన్ను అడగడం. జాలేసింది.

నువ్వు అక్కడ స్థిరపడు. అన్నయ్య ఉన్నాడు. నాలుగు రోజులు పోతే అందరూ మరిచిపోతారు.

గిన్నె సంగతి నీకు చెప్పకూడదనుకున్నాను. అది కొట్టు గదిలో లేదు. దొర ఇంటికి పట్టుకెళ్లాడు. ఇంట్లో పళ్లు పెట్టుకుంటున్నాడట.

చదివాక చించెయ్యి.

పిచ్చుక


లిఫ్టుల కొట్టు పైన
డిసెంబరు 13

పిచ్చుకకి,

పళ్లు పెట్టుకుంటున్నాడా. నా గిన్నెలో.

నాలుగు రోజులు పోతే ఎవరు మరిచిపోతారు? నిన్న హాస్టల్లో ఒక పిల్లకి వాంతులయ్యాయి. ఏదో జ్వరం. వంటింట్లో ఏడుగురం ఉన్నాం, మిగతా ఆరుగురి కళ్లూ నా చేతుల మీదకే వచ్చాయి. సాయంత్రం మీ అన్నయ్యకి చెబితే ఏమన్నాడో తెలుసా? "నువ్వేమైనా ముట్టుకున్నావా?" అన్నాడు. కసురుకోలేదు, మెల్లిగా, ఆస్పత్రిలో డాక్టరు అడిగినట్టు అడిగాడు. ఇరవై మూడేళ్ల నా సంసారంలో ఆయన నన్ను కొట్టి ఉన్నా ఇంత నొప్పి ఉండేది కాదు.

ఆయన ముసలాడా? నాకు యాభై నిండలేదు, నన్ను బతికుండగానే పాతిపెట్టాడు. జాలి నీ దగ్గర అంత మిగిలిపోతే నా మీద చూపించు.

ఇలా చెయ్యి. మొదటి భోజనం రోజున ఆకులు కడిగి గుడ్డ మీద పరచకుండా బుట్టలోనే వదిలెయ్యి, పైన నాలుగు పొడి ఆకులు కప్పు. పియర్ గంట ముందు కోసి పెట్టు, నిమ్మరసం తగలనివ్వకు. చీజ్‌ని సూపు పొయ్యి పక్క అలమరలో ఉంచు. పోయిన వేసవి అక్రోట్ల డబ్బా పై అరలో వెనక ఉంటుంది. అవి తింటే ఏమీ కాదు, చేదు, అంతే. అతిథుల్లో గింజలు పడనివాళ్లు ఉన్నారేమో ముందే అడుగు. ఒక్కరున్నా అక్రోట్ల జోలికి పోకు. సీసాలో ఉప్పు ముందే వేసెయ్యి.

నిన్ను తొమ్మిదో ఏట నుంచి పెంచినందుకు ఇంతవరకు నిన్ను ఏమీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

వదిన


ఆడవాళ్ల వసతి
జనవరి 12

వదినకి,

అయిపోయింది.

పన్నెండు మంది వచ్చారు. ఓనరు వియ్యంకుడు, ఆయన తరఫువాళ్లు. గింజలు పడనివాళ్లు లేరు, ఒకరొకరినీ అడిగాను. దొర కొత్త కోటు వేసుకున్నాడు. గాజు గిన్నె ఎత్తి అందరికీ చూపించి, "ఐదు నిమిషాలు, మీ గడియారాలు చూసుకోండి" అన్నాడు. ఆకుల్లో చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తరవాత కలపడం మొదలు పెట్టాడు. సీసా పోశాడు. నువ్వన్నట్టే నూనె అంతా అడుక్కి జారింది. ఎంత కలిపితే అంత నీరు. పియర్ ముక్కలు తుప్పు పట్టినట్టు ఉన్నాయి. చీజ్ చెంచాని వదల్లేదు, విదిలిస్తే ముద్దగా వెళ్లి ఒకావిడ గ్లాసులో పడింది. ఎవరో నవ్వారు. వియ్యంకుడు ఒక అక్రోటు నమిలి, గుడ్డ మూతికి అడ్డం పెట్టుకొని ఉమ్మేశాడు. గడియారాలు చూసుకోమన్నాడు కదా, ఒకాయన నిజంగానే చూస్తూ, "పదకొండు నిమిషాలు" అన్నాడు.

ఓనరు లోపలికి వచ్చి ఒక్క మాట అన్నాడు. "ఇన్నేళ్ల పేరు ఒక పళ్లెంలో పోగొట్టావు." దొర ఎందుకైందో, ఎవరు చేశారో, ఒక్క ముక్క అనలేదు. నా వైపు చూశాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి టోపీ తీసి పొయ్యి పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

వచ్చే వారం నుంచి చల్లని బల్ల నాకు అప్పగిస్తామన్నారు. నువ్వు నిలబడే చోటే నిలబడతాను. నీ పగ తీరింది కదా వదినా. ఇక హాయిగా నిద్రపో.

చదివాక తప్పకుండా చించెయ్యి.

పిచ్చుక


లిఫ్టుల కొట్టు పైన
జనవరి 20

పిచ్చుకకి,

నీ ఉత్తరం మెట్ల మీదే చదివాను. గ్లాసులో చీజ్ పడిన సంగతి దగ్గర కూర్చుండిపోయి నవ్వాను. కింద కొట్టులో మెకానిక్కులు పైకి తొంగి చూశారు. ఆ రోజు ఉల్లిపాయలు తరుగుతుంటే కూడా కన్నీళ్లు రాలేదు.

సాయంత్రం సలాడ్ చేశాను, ఇన్ని నెలల తరవాత మొదటిసారి. మంచి గిన్నె లేక అన్నం గిన్నెలోనే కలిపాను. మీ అన్నయ్య తింటూ, "ఇప్పుడు జాగ్రత్తగా చేస్తున్నావు" అన్నాడు. మెచ్చుకోలే అది. ఆయన మంచివాడు. పళ్లెం తీసుకెళ్లి సింకులో పెట్టి కొళాయి తిప్పుకున్నాను, ఆయనకి నేను ఏడవడం వినపడకుండా.

కాబట్టి పగ తీరలేదు, సగమే అయింది. దొర మొహం మాడింది గాని నా మొహానికి పూసిన మసి అలాగే ఉంది. ఇప్పుడు ఆయన లేడు, నీకు భయం లేదు. ఓనరు దగ్గరికి వెళ్లు. ఆ మధ్యాహ్నం చూసింది ఒక కాగితం మీద రాసి ఇవ్వు. గుప్పెడు అక్రోట్లు, కిటికీ, చీటీ, అంతా. ఒకే ఒక్క కాగితం. దాని నకలు మీ అన్నయ్య పళ్లెం పక్కన పెట్టి, తినడం అయ్యేదాకా ఎదురుగా కూర్చుంటాను.

వదిన


ఆడవాళ్ల వసతి
ఫిబ్రవరి 2

వదినకి,

ఆలస్యానికి తిట్టకు. కొత్త బాధ్యత, ఊపిరి ఆడడం లేదు.

నువ్వడిగింది ఆలోచించాను. ఇప్పుడు రాసిస్తే, ఇన్ని నెలలు ఎందుకు దాచావని ఓనరు నన్నే అడుగుతాడు కదా. ఎదురు చెప్పడానికి ఆ మనిషి కూడా ఇక్కడ లేడు. పోయినవాడి మీద రాళ్లు వేసినట్టుంటుంది. కొన్నాళ్లు ఆగుదాం. నేను ఇక్కడ నిలదొక్కుకున్నాక నిన్ను నేనే పిలిపించుకుంటాను, నా కింద. నవ్వులాటకి చెబుతున్నాలే.

నేను వచ్చాక బల్ల మీద చెక్క గిన్నెలన్నీ తీయించేశాను. అన్నీ స్టీలువే. చెక్కవి చూస్తే నా చెయ్యి వణుకుతుంది.

చించెయ్యి.

పిచ్చుక


లిఫ్టుల కొట్టు పైన
ఫిబ్రవరి 18

ఆడపడుచుగారికి,

అక్రోట్లు దొర చేతిలోంచి పళ్లెంలో పడితే, చెక్క గిన్నె చూసి నీ చెయ్యి ఎందుకు వణకాలి? నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి ఇదే ప్రశ్న పట్టుకొని కూర్చున్నాను. జవాబు నిన్న మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చింది.

తలుపు కొడితే తీశాను. ఎదురుగా గరిటె దొర. చేతిలో పాత పేపరు చుట్టిన మూట. హోటలు గేటు దగ్గర కాపలా ఆయన్ని అడిగి నా అడ్రసు రాయించుకున్నాడట. మూట విప్పాడు. నా గిన్నె.

"మీదే కదా," అన్నాడు. "టీచరమ్మ పడిపోయిన మర్నాడు పొద్దున వెనక చెత్తడబ్బాలో కనిపించింది. మీరే కోపంతో పారేశారనుకున్నాను. కోపం తగ్గాక వెతుక్కుంటారని తీసి ఉంచాను. మీకు మొహం చూపించలేక ఇన్నాళ్లూ తేలేదు."

నేను ఆ సాయంత్రమే బయటికి పోయాను కదా. మర్నాడు చెత్తలో వెయ్యడానికి నేనెక్కడున్నాను? నువ్వున్నావు.

మొహం ఎందుకు చూపించలేకపోయారని అడిగాను. కాగితం మీద సంతకం పెట్టాను కదా, అన్నాడు. కుడి చెయ్యి చాపి చూపించాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా ముడతలు పడిన కాలిన చర్మం. ఆ రోజు పదకొండింటికే సూపు గుండిగ ఒలికి చెయ్యి కాలిందట, టీచరమ్మ పళ్లెం హాల్లోకి వెళ్లేసరికి ఆయన డాక్టరు బల్ల మీద ఉన్నాడట. గోడకి ఇవతల ఉన్న నాకు అదేం తెలుసు? సాయంత్రం మేనేజరు కాగితం పట్టుకెళితే ఎడమ చేత్తో పెట్టాడు సంతకం. నేను ఏడు నెలలు రోజూ తీసి చూసి పళ్లు నూరిన సంతకం అది.

గిన్నెని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. అడుగు పగుల్లో అక్రోటు పొడి ఇంకా ఉంది. స్టీలు గిన్నె ఎక్కడో సింకులో ఉండి ఉంటుంది. నువ్వు దీన్నే గుడ్డతో తుడిచి టీచరమ్మ సలాడ్ కలిపావు. కలిపావు, పంపావు, పారేశావు, నా మొహం మీద చెప్పావు. నా చేత ఇంకొక మనిషి పేరు కూడా చంపించావు.

ఆయన్ని కూర్చోబెట్టి సలాడ్ చేసి పెట్టాను. సగం తిన్నాక, తడి ఆకుల సంగతి చెప్పాను. చేయించింది నేనని చెప్పాను. ఆయన ఫోర్కు కింద పెట్టేశాడు. "చెయ్యి పెట్టగానే తడి తెలిసింది," అన్నాడు. "ఆ పిల్ల తొందరలో మరిచిపోయి ఉంటుందనుకున్నాను. పేరు చెబితే దాని పని పోతుందని ఊరుకున్నాను." లేచి వెళ్లిపోయాడు. పళ్లెంలో మిగిలిన సగం పారెయ్యబుద్ధి కాలేదు. అది నాకు రావలసిందే. నీకు రావలసింది ఇప్పుడు చెబుతాను.

ప్రతి ఉత్తరం కిందా చించెయ్యమని రాశావు. నేను ఒక్కటీ చించలేదు. ఈ ఉత్తరం నీకు గురువారం అందుతుంది. ఓనరు పేరు మీద నేను కట్టిన పార్సిలు శుక్రవారం అందుతుంది. మధ్యలో ఒక రోజు ఉంది. నీకు జడలు వేసిన రోజులన్నిటికీ కలిపి ఆ ఒక్క రోజు ఇస్తున్నాను. ఏం చేసుకుంటావో నీ ఇష్టం.

మీ అన్నయ్య భార్య


ఆడవాళ్ల వసతి, ఖాళీ చేస్తున్న మంచం
ఫిబ్రవరి 28

వదినకి,

ఇప్పుడు అలా పిలవచ్చో లేదో తెలియదు.

గురువారం పది గంటలకి అందింది. పదకొండింటికి ఓనరు గదిలోకి వెళ్లాను. చెప్పాను. పన్నెండు చీటీలు వరసలో ఉన్నాయి, స్టీలు గిన్నె సింకులో ఉంది, నువ్వు కింద ఉన్నావు. తుడిస్తే చాలనుకున్నాను. చెక్క గిన్నె కడగకూడదు, తుడవాలి అని నాకు నేర్పింది నువ్వే. కడిగితే చెక్క చస్తుందన్నావు. ఆ మాటే చేతికి అలవాటైపోయింది. ఇది నీ మీదకి నెట్టడానికి రాయడం లేదు. కాదు, నెట్టడానికే రాస్తున్నాను. ఒక్క ముక్కైనా నీ మీద ఉండాలి, మొత్తం మొయ్యలేను.

ఆవిడ పడిపోయాక నీతో నిజం చెబుదామనే వచ్చాను. నువ్వు అప్పటికే "దొర పనే ఇది" అంటున్నావు. అవునన్నాను. ఒక్క అవును వదినా. తరవాతవన్నీ దాని వెనకే వచ్చాయి.

ఓనరు అరవలేదు. కాగితం ఇచ్చి అంతా రాయమన్నాడు. తడి ఆకులు కూడా రాశాను, నీ పేరు లేకుండా. టీచరమ్మకి కూడా నకలు పంపుతానన్నాడు. నన్ను మర్నాడు వచ్చి సామాను తీసుకెళ్లమన్నాడు.

శుక్రవారం నేను అక్కడ ఉండగానే పార్సిలు వచ్చింది. నా ఎదురుగానే విప్పాడు. లోపల గిన్నె ఉంది. తిరగేశాడు, దులిపాడు, పేపరు కూడా విదిలించి చూశాడు. గిన్నె తప్ప ఏమీ లేదు. ఉత్తరాలు లేవు. నీ దగ్గర నుంచి ఒక ముక్క కూడా లేదు. ఇదేమిటని నన్నే అడిగాడు.

నేను నోరు మూసుకొని ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఆ గిన్నె చూసి అతనికి ఏమీ తెలిసేది కాదు. ఆ సంగతి నీకు తెలుసు. తెలిసే చేశావు.

ఎక్కడికి వెళ్లాలో తెలియడం లేదు.

పిచ్చుక


లిఫ్టుల కొట్టు పైన
మార్చి 7

పిచ్చుకకి,

తెలుసు. తెలిసే చేశాను. ఉత్తరాలు పంపుతానని నేను ఎక్కడా రాయలేదు, పార్సిలు అన్నాను. మిగతాది నువ్వు అనుకున్నావు. అవన్నీ ఇక్కడే ఉన్నాయి, బియ్యం డబ్బా వెనక.

కాగితాలు పంపితే నిన్ను నేను పట్టించినట్టు అయ్యేది. నాకు కావలసింది అది కాదు. నా పేరు నీ నోట్లోంచి పోయింది. నీ నోట్లోంచే రావాలి. వచ్చింది.

చెక్క గిన్నె మాట నిజమే. ఆ ముక్క నా మీద ఉంది, ఉంచుకుంటాను. టీచరమ్మకి నేను వేరే రాశాను. ఓనరు నన్ను మళ్లీ రమ్మని మనిషిని పంపాడు. ముందు దొరని పిలవమని, తడి ఆకులు నువ్వు చేసినా చేయించింది నేనని రాసి ఇచ్చాను. అది చదివాక కూడా నన్ను పిలుస్తాడో లేదో నాకు తెలియదు.

నీ మీద కోపం పోయిందా అని అడగాలనుకుంటావు, అడగడానికి నోరు రాదు. పోలేదు. పోయిన రోజు చెబుతాను. కాని నువ్వు వీధిలో పడుంటే నాకు ముద్ద దిగదు, ఏం చెయ్యను.

ఆదివారం పొద్దున రైలుకి రా. స్టేషనుకి మీ అన్నయ్య వస్తాడు. నువ్వు ఊరికే నాలుగు రోజులు ఉండడానికి వస్తున్నావని ఆయన అనుకుంటున్నాడు. నీకు ఇష్టమని నిన్న పియర్ పళ్లు వెతికి తెచ్చాడు. ఆయనకి నేను ఏమీ చెప్పలేదు. చెప్పను కూడా. స్టేషను నుంచి ఇంటికి బస్సులో నలభై నిమిషాలు పడుతుంది. మెట్లెక్కేసరికి ఆయనకి అంతా తెలిసి ఉండాలి, నీ నోటితో.

ఆకులు కడిగి గుడ్డ మీద ఆరబెట్టి ఉంచుతాను. తలుపు తీసి ముందు ఆయన మొహం చూస్తాను. ఎన్ని పళ్లేలు పెట్టాలో అప్పుడు చూసుకుంటాను.

వదిన